గోడమీది స్తుతి

రోమునగరమున వాటికను ప్రాసాదములో రెండవ జూలియసు పోపు తన గ్రంథములకై యుంచుకొనెనని పండితులు చెప్పెడి గది యొకటి కలదు. దాని గోడలను చిత్రములతో నింపుపని, 1508వ సంవత్సరమున ఆ నగరమునకు వచ్చిన రాఫేలు అను ఇరువదియైదేండ్ల యువకునికి లభించెను. ఆ గోడలలో నొకదానిమీద అతడు పూర్వపు గ్రీకు తత్త్వవేత్తలను ఒక మహాసభగా కూర్చి చిత్రించెను. ఏథెన్సు విద్యాపీఠ మను పేర నిది లోకప్రసిద్ధము. చరిత్ర పుస్తకములలో చిన్నబొమ్మగా అచ్చుపడుచుండుటచేత మన చదువరులలో పలువురు దీనిని చూచియే యుందురు. నడుమ ప్లేటో ఆకసమువైపు వ్రేలు చూపుచుండును. అరిస్టాటిలు అరచేయి నేలవైపు చాచియుండును. చూచువా రెల్లరును ఈ యిద్దఱినే చూతురు. మేము నేడు చూడగోరునది వీరిని గాదు; వీరికి దిగువను మెట్లపై, ముందువరుసలో, ఒంటరిగా కూర్చున్న యొక మోటుమనిషిని.

ఏబదికిపైగా మనుష్యులున్న ఆ సభలో ప్రతివాడును ఎవరితోనో మాటలాడుచున్నాడు. లేదా ఎవరు చెప్పునదో వినుచున్నాడు, వ్రాసికొనుచున్నాడు, వాదించుచున్నాడు. ఈ మనుష్యుడు ఎవరితోను మాటలాడడు, ఎవరివంకను చూడడు. ఎడమచేతిపై తల మోపి, మోచేయి ఒక చలువఱాతి దిమ్మెపై ఆనించి, కుడిచేత కలము పట్టుకొని, కాగితమువైపుగాని మనవైపుగాని చూడక తనలోనికే చూచుకొనుచున్నాడు. సభలోని తక్కినవారు పెద్దపెద్ద పైవస్త్రములు కప్పుకొని పాదరక్షలతోనో వట్టికాళ్లతోనో ఉండగా, ఇతడొక్కడు కూలిపనివాడు తొడుగునట్టి పొట్టిచొక్కాయయు, మోకాళ్లకు దిగువవఱకు ముడుతలుపడిన తోలుజోళ్లును తొడిగియున్నాడు. ఱాతిపని చేయువాడు పని చాలించి వచ్చి, కాళ్లు కడుగుకొనకయే పండితసభలో చతికిలబడినట్లుండును.

వేదాంతులలో ఇతడు ఎఫెససు పురవాసియైన హెరాక్లిటసు. సమస్తమును ప్రవాహమే యని బోధించినవాడు. మాటలు దురవగాహములగుటచేత చీకటివాడని పేరుపొందినవాడు. జనసమూహముపై అతనికి గల తిరస్కారము ప్రసిద్ధము. అయితే ఈ హెరాక్లిటసునకు రాఫేలు ఇచ్చిన ముఖము, దేహము, జోళ్లు, ఆ కాలమున రోములోనే బ్రదుకుచుండిన మఱియొక కళాకారునివని పలువురు పరిశోధకుల యభిప్రాయము. ఆ కళాకారుడు మైకేలాంజిలో. అప్పటికి అతనికి ముప్పదియాఱేండ్లు. ఈ గదికి కొలది యడుగుల దూరమున, అదే ప్రాసాదములోని సిస్టైను ప్రార్థనామందిరపు పైకప్పును 1508 మొదలుకొని అతడు చిత్రించుచుండెను.

ఇది ఊహయే గదా, ప్రమాణమేమి యని చదువరులు అడుగవచ్చును, అడుగవలెను గూడ. ఇటలీ చిత్రకారుల జీవితములను వ్రాసిన వాసారి ఈ గోడమీది కొందఱను గుర్తించి చెప్పెనుగాని, ఇతనిని గుఱించి ఏమియు చెప్పలేదు. రాఫేలు వ్రాతయు దీనినిగుఱించి లేదు. ప్రమాణ మున్నదన్న అది గోడలోనే యున్నది, ఒక కాగితములో నున్నది. ఆ రెంటిని వివరించుటకు ముందు తడిగచ్చుమీద చిత్రించు పద్ధతిని కొంచెము చెప్పక తప్పదు.

ఇటలీవారు ఫ్రెస్కో యను ఈ పనిలో గోడకు ముందు గరుకుపూత పూయుదురు. ఆవెనుక చిత్రకారుడు ఆ దినమున ఎంతమేర పూర్తిచేయగలడో అంతమేరకు మాత్రమే సన్ననిగచ్చు పూయుదురు. గచ్చు తడిగా నుండగనే నీటితో నూఱిన రంగులు వేయవలెను. సున్నము గాలితో కలిసి గట్టిపడునప్పుడు రంగు దానిలో బంధింపబడి ఱాయివలె నిలుచును. ఆఱిన తరువాత దిద్దుబాటు లేదు. తప్పైనను, మనసు మాఱినను, సుత్తియు ఉలియు తెచ్చి ఆ భాగమును పెల్లగించి, మరల గచ్చు పూసి, మరల చిత్రించుటయే గతి. ఇట్లు దినదినమునకు అతుకులు పడుటచేత ఏది ముందు పూసిరో, ఏది వెనుక పూసిరో పరీక్షకులు ఆ యంచులనుబట్టి చెప్పగలరు. చిత్రించుటకు ముందు పూర్ణప్రమాణమున కాగితముపై రేఖాచిత్రము గీచుకొందురు. గీతలవెంట సూదితో చిల్లులు పొడిచి బొగ్గుపొడి అద్ది గోడమీదికి దింపుదురు. మన యాడవారు చిల్లుల గొట్టముతో ముగ్గుపిండిని దొర్లించి ముగ్గు దింపుటకును దీనికిని పద్ధతి యొక్కటియే. ఆ కాగితమునకు ఇటలీలో కార్టోనె యని పేరు; నేటి పత్రికలలోని హాస్యచిత్రములకు వాడు కార్టూను అను మాట దీనినుండి పుట్టినదే.

ఏథెన్సు విద్యాపీఠమునకు రాఫేలు స్వహస్తముతో గీచిన ఆ కాగితము అదృష్టవశమున నశింపలేదు. మిలాను నగరమున అంబ్రోసియా గ్రంథాలయ చిత్రశాలయందు నేటికిని కలదు. ఎనిమిది మీటర్ల పొడవు, మూడు మీటర్లకు కొంచెము తక్కువ యెత్తు. దానిని శుభ్రపఱచి 2019వ సంవత్సరమున మరల ప్రజలకు చూపిరి. దానిలో ప్లేటో యున్నాడు, అరిస్టాటిలున్నాడు, మెట్లపై చేరగిలబడిన డయోజినీసున్నాడు. జోళ్లు తొడిగిన ఈ మోటుమనిషి మాత్రము లేడు. అతడు కూర్చున్నచోట మెట్లు ఖాళీగా నున్నవి. అనగా రాఫేలు మొదట తలపోసిన సభలో ఇతనికి స్థానమే లేదన్నమాట. ఇక గోడను పరీక్షించిన వారును ఇతడున్న మేర గచ్చు ప్రత్యేకముగా, తరువాత పూయబడినదని కనుగొనిరి. పూర్తియైన గోడను రాఫేలు పగులగొట్టి ఇతనిని కూర్చుండబెట్టెను.

ఎందుకు పగులగొట్టెను? 1511వ సంవత్సరము ఆగష్టు నెలలో సిస్టైను పైకప్పులో పూర్తియైన మొదటి సగమును పోపు ఆజ్ఞచే మంచెలు దించి జనులకు చూపిరి. రోము రోమంతయు చూడవచ్చెను. రాఫేలును చూచెను. యెషయా మొదలగు ప్రవక్తలు, శకునవాదినులు, కొండచరియలవంటి దేహములతో పైన కూర్చుండియుండిరి. అట్టి దేహమును అంతకుముందు ఎవరును చిత్రింపలేదు. రాఫేలు నేర్చిన విద్య వేఱు: సౌమ్యత, సమత, అవయవముల పొందిక. పెరుజినో అను గురువువద్ద అభ్యసించిన ఆ మార్దవము అతని మొదటి చిత్రములలో తొణికిసలాడుచుండును. పైకప్పును చూచివచ్చిన తరువాత అతడు చేసిన పని యీ మూర్తి యని పరిశోధకులు తలంచుచున్నారు. మాకును ఆ తలంపు సమంజసముగా తోచుచున్నది. ఏలయన మూర్తి తానే ఆ సాక్ష్యము చెప్పుచున్నది. ఆ మోకాళ్లు, ఆ భుజములు, ఆ బరువు రాఫేలువి గావు. సభలోని తక్కినవారు నేలపై నిలిచియున్నారు; ఇతడు నేలను అణచియున్నాడు.

ఇచ్చట నొక మాట. ఈ మూర్తిని సిస్టైను కప్పులోని యిర్మియా ప్రవక్తతో పోల్చి, రాఫేలు దానినే అనుకరించెనని కొందఱు వ్రాయుదురు. గడ్డము చేతికానించి శోకించు ఆ ప్రవక్తకును ఇతనికిని పోలిక యున్నమాట నిజమే. కాని యిర్మియా పైకప్పులోని రెండవ సగమువాడు. ఆ సగము 1512 అక్టోబరు తుదిని గాని జనులకు కనబడలేదు. కావున ఒక బొమ్మను చూచి మఱియొక బొమ్మ గీచెననుట చాలదు. రాఫేలు గ్రహించినది బొమ్మను గాదు, ఆ చేతి నడకను.

మన యాలంకారికులు చిత్రమునకు ఆఱంగములు చెప్పిరి: రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము. కామసూత్రములకు వ్యాఖ్య వ్రాసిన యశోధరుని జయమంగళలో ఈ గణనము కలదు. సామాన్యజనులు ప్రతిరూపచిత్రమనగానే సాదృశ్యమొక్కటే వెదకుదురు. ముక్కు సరిపోయినదా, మీసము సరిపోయినదా యని. ఈ మూర్తియందు ముఖము వంగి సగము నీడలో నున్నది. ముక్కుమొగములనుబట్టి తీర్పుచెప్పుట కష్టము. సాదృశ్యమును రాఫేలు వేఱుచోట్ల నుంచెను. మైకేలాంజిలో తన యుత్తరముల క్రింద శిల్పి మైకేలాంజిలో యని చేవ్రాలు చేయుచుండువాడు. చిత్రలేఖనము తన వృత్తి గాదని గొణుగుచుండువాడు. కావుననే మోచేతిక్రింద చలువఱాతి దిమ్మె. అతడు కవి గూడను. మున్నూఱుదాక అతని పద్యములు నిలిచియున్నవి. కావుననే చేతిలో ఉలికి బదులు కలము. లోకముతో పొసగనివాడు, కావుననే ఒంటరితనము. భావమునకు సాదృశ్యము కుదిరినచో ముఖసాదృశ్యము కొఱవడినను మనిషిని గుర్తుపట్టవచ్చునని దీనివలన తెలియుచున్నది. మేము రోమునకు పోయినవారము గాము. మంచి ప్రతికృతులనే పలుమాఱులు పరిశీలించితిమి. ఒకసారి మా తరగతిలో పిల్లలకు ఆ ప్రతికృతిని చూపి, ఈ సభలో ఎవరితో స్నేహము చేయుట కష్టమని యడుగగా, పేరు తెలియని పిల్లలందఱును ఇతనినే చూపిరి.

దీనిని స్తుతి యనవచ్చునా యని సందేహము కలుగవచ్చును. పొగడదలచినవాడు పొగడబడువానిని సుందరునిగా, ప్రసన్నునిగా చిత్రింపడా? మురికిజోళ్లతో, ముడిచిన కనుబొమ్మలతో చిత్రించుట పరిహాసము గాదా? ఆ యిద్దఱికిని పొత్తులేదని అందఱెఱుగుదురు. శిష్యబృందముతో వీథివెంట పోవు రాఫేలును మైకేలాంజిలో దండనాయకునితో పోల్చి ఎత్తిపొడిచెననియు, ఒంటరిగా పోవుచున్నావు తలారివా యని రాఫేలు బదులు చెప్పెననియు తరువాతివారు చెప్పుకొన్న కథయొకటి కలదు. కథ నిజమైనను కాకున్నను వారి నడుమ గాలి యెట్టిదో అది చెప్పుచున్నది. పరిహాసమని వాదించువారికి ఇది యనుకూలము.

కాని మేము అంగీకరింపము. పరిహాసము చేయదలచినవాడు పరిహాసపాత్రుని మూలకు నెట్టును, చిన్నవానిగా చేయును. రాఫేలు ఇతనిని చూపరికి అందఱికంటె సమీపమున, మెట్లపై ముందుగా ఉంచెను. ప్లేటో అరిస్టాటిలులను చూడబోవు కన్ను ఇతనిని దాటక పోజాలదు. అంతకంటె ముఖ్యమైన సంగతి: పరిహసించువాడు తన రీతిలోనే పరిహసించును. ఎదుటివాని రీతిలో, ఎదుటివాని బలముతో, నీ చేయి నా చేతికంటె బలమైనదని యొప్పుకొనుచు గీచినదానిని పరిహాసమనుట పొసగదు. ఇక అప్రసన్నత మాట. మైకేలాంజిలో ప్రసన్నుడు గాడు. అతనిని ప్రసన్నునిగా చిత్రించినచో అది మఱియొకని చిత్రమగును. ఉన్నవానిని ఉన్నట్లు చూచి, అట్టివానికే ముందుపీట వేయుటయందున్న గౌరవము, లేని గుణములు తగిలించుటయందు లేదు.

స్తుతింపబడినవాడు దీనిని ఎట్లు గ్రహించెను? 1542వ సంవత్సరమున, రాఫేలు గతించిన యిరువదిరెండేండ్లకు, మైకేలాంజిలో ఒక లేఖలో రాఫేలునకు కళలో నున్నదెల్ల తననుండి వచ్చినదే యని వ్రాసెను. జూలియసు పోపుతో తనకు కలిగిన చిక్కులన్నియు అతని యసూయవలనను, వాస్తుశిల్పి బ్రమాంటె యసూయవలనను కలిగినవని గూడ వ్రాసెను. ఎంత కఠినుడు! అయినను ఆ లేఖలోని మొదటిమాటను రాఫేలే ముప్పదియేండ్లకు ముందు గోడమీద వ్రాసిపెట్టెనని మాకు తోచుచున్నది. అప్పునకును దొంగతనమునకును భేదము దాచుటలో నున్నది. దొంగిలించినవాడు సొమ్ము గలవానిని పిలిచి ఇంటిముంగిట పీట వేయడు.

పూర్వుని గోడమీద నిలిపిన కథ ఇటలీలో దీనికి ముందును ఉన్నది. ఓర్వియేటో ప్రధానదేవాలయములోని యొక మందిరపు కప్పును 1447లో ఫ్రా ఆంజెలికో అను సన్న్యాసి చిత్రింప నారంభించి కొంతచేసి విడిచిపోయెను. అర్ధశతాబ్దము గడచిన తరువాత 1499లో సిన్యొరెల్లి ఆ పనికి కుదిరి పూర్తిచేసెను. గోడమీది యొక ఘట్టమున ఎడమయంచున సిన్యొరెల్లి నల్లనిదుస్తులతో తన్ను తాను చిత్రించుకొని, తన ప్రక్కను డొమినికను సన్న్యాసివేషముతో నొకనిని నిలిపెను. అతడు ఆంజెలికో యని సంప్రదాయము. చూచుటకు మనసు కరగు దృశ్యము. అయినను అప్పటికి ఆంజెలికో గతించి యేబది సంవత్సరములు కావచ్చెను. అతని కీర్తివలన సిన్యొరెల్లికి నష్టమేమియు లేదు. చనిపోయినవాడు పోటీకి రాడు, పనిని పోపునొద్ద తన్నుకొని పోడు. రాఫేలు స్తుతించినవాడు ప్రక్కగోడవెనుక మంచెమీద నున్నాడు, అదే యజమాని జీతమును, అదే యజమాని మెప్పును కోరుచున్నాడు.

ఈ భేదమును తెలుగువారు సులభముగా గ్రహింపగలరు. మన కావ్యావతారికలలో పూర్వకవిస్తుతి యను నియమ మున్నది. ఎఱ్ఱాప్రెగడ నన్నయ తిక్కనలను స్తుతించెను. వెనుకటికవు లెల్లరును వీరు మువ్వురను స్తుతించిరి. మంచి యాచారమే. కాని దానివెంటనే వచ్చునది కుకవినింద. చనిపోయినవానికి స్తుతి, బ్రదికియున్నవానికి నింద! సమకాలికుని పేరుపెట్టి, వాని గుణమును గుర్తించి, నా రచనలో నీపాలు ఇంత యున్నదని చెప్పిన పద్యము అరుదు. చిత్రములలో నిది యింకను శోచనీయము. నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని లేపాక్షి వీరభద్రాలయపు కప్పున, పదునాఱవ శతాబ్దమున ఆ గుడిని కట్టించిన విరుపణ్ణయు అతని సోదరుడు వీరణ్ణయు పరివారముతో కూడి స్వామిని సేవించుచున్నట్లు చిత్రింపబడిరి. వారి తలపాగల యెత్తు, వస్త్రములమీది అద్దకపు పువ్వులు గూడ నేడు లెక్కింపవచ్చును. ఆ పువ్వులను దిద్దినవాని పేరు మాత్రము దక్కలేదు. డబ్బిచ్చినవాడు గోడకెక్కెను, పక్కనిలిచి రంగు నూఱిన తోడివానిని ఎక్కింపవలెనని ఎవరికిని తోచలేదు.

ఆ కాలపువారిని తప్పుపట్టి ప్రయోజన మేమి? మన సంగతి చూచికొందము. దామెర్ల రామారావు 1925లో, ఇరువదియెనిమిదవ యేట గతించెను. అతని పేర రాజమహేంద్రవరమున చిత్రశాల నిలిచినది, సంతోషము. కాని జీవించియున్నవానికి మనము చేయు మర్యాద యెట్టిది? సభ చేసి, శాలువ కప్పి, పూలదండ వేసి, బిరుదొకటి చదువుదుము. సన్మానపత్రములోని పేరు తీసివేసి మఱియొక పేరు పెట్టినచో ఎవరికిని తేడా తెలియదు. ఆ పత్రము వ్రాసినవాడు సన్మానితుని గ్రంథమును చదువనక్కఱలేదు. ఇట్టి పత్రములు కొన్ని మాచేత వ్రాయించుటకు వచ్చిన పెద్దమనుష్యు లున్నారు. ఆయన వ్రాసిన పుస్తకముల పేరులైన చెప్పుడని యడుగగా, అవి యేల, నాలుగు మంచిమాటలు చాలునని సెలవిచ్చిరి. ఇంటిలో ఇల్లాలు చేసిన వంటను బాగున్నదని యూరకొనుటకును, పులుసులో నీవు వేసిన మెంతిపొడి నేడు సరిగా వేగినదని చెప్పుటకును గల భేదము మన గృహిణులకు తెలియును. రెండవమాట చెప్పినవాడు తినినవాడు.

రాఫేలు చేసినది రెండవ విధపు స్తుతి. అందులకు అతడు వెచ్చించినది మాట గాదు, తన గోడ. ఒక గదిలోని చిత్రమును ఇంచుమించు ముగించి యున్నాడు, యజమాని ముసలివాడు, తొందరపడువాడు, ఇంకను గదులున్నవి. ఆఱిన గచ్చును పెల్లగించి, మరల పూయించి, సమతూకముగా కుదిరిన తన సభలో పరాయిరీతి మూర్తి నొకదానిని దింపుటవలన పొందిక చెడునని అతనికి తెలియకపోదు. కొంత చెడినది గూడ. ఆ మూర్తి తక్కినవారితో కలియదు; కొలత పెద్దది, రంగు బరువు, వేషము వేఱు. ఆ చిత్రములో లోపమెంచువారు దీనినే యెంచవచ్చును. మామట్టుకు, మిలానులోని కాగితమును గోడతో పోల్చి చూచినప్పుడెల్ల, కాగితములోని సభ అందముగా నున్నను ఎవరికిని కష్టము కలుగని సభగా తోచును. ఆలోచన యనునది కష్టమైన పని యని ఆ గోడమీద చెప్పువాడు ఈ యొక్కడే.

అదే గదిలో మఱియొక గోడమీద, ధర్మశాసనములను స్వీకరించు పూర్వపు పోపు తొమ్మిదవ గ్రెగరీ చిత్రమున్నది; అతనికి రాఫేలు ఇచ్చిన ముఖము జూలియసుది. యజమాని ముఖమును గోడకెక్కించుట లేపాక్షిలోను రోములోను సమానమే. ఏథెన్సు సభలో కుడివైపున పలకమీదికి వంగి వృత్తలేఖినితో గీచుచున్న యూక్లిడునకు బ్రమాంటె ముఖ మిచ్చెనని వాసారి చెప్పెను. ప్లేటో ముఖము లియొనార్డోదని లోకము చెప్పుకొనుచున్నది. తన్ను తాను రాఫేలు ఎచ్చట నుంచుకొనెనో వెదకినచో, కుడివైపు కొనకొమ్మున, నల్లనిటోపితో, ఇతరుల వెనుకనుండి తొంగిచూచుచు కనబడును. అతని ప్రక్కను తెల్లనివస్త్రముతో మఱియొక చిత్రకారు డున్నాడు. అతడు రాఫేలునకు ముందు ఆ గదికప్పును చిత్రించిన సోడొమా యని కొందఱును, గురువైన పెరుజినో యని కొందఱును అందురు. పెరుజినో యైనచో ప్రక్కగదిలోనికి పోయి తలయెత్తి చూడవలెను. ఆ గదిగోడలు రాఫేలునకును అతని శిష్యులకును వచ్చినవి. కప్పుమాత్రము పెరుజినో 1508లో చిత్రించినది. గురువు చేతిపనిని చెఱుపుటకు రాఫేలు ఒప్పుకొనలేదని వాసారి వ్రాసెను. ఆ కప్పు నేటికిని అట్లే యున్నది.